ఈ మరక ఇక్కడికెలా వచ్చింది?

మా వీధి చివర డ్రైనేజీ పనికి తెచ్చిన ప్రొక్లెయిన్ ఒకటి మూడు వారాలుగా అక్కడే ఉంది. పొద్దున పాలకెళ్ళినప్పుడల్లా దాని పక్కన రెండు నిమిషాలు నిలబడతాను. బకెట్ పళ్ళు మట్టిలో రాసుకుని రాసుకుని వెండిలా మెరుస్తున్నాయి. బకెట్ లోపలి మూలల్లో మాత్రం పసుపు రంగు ఇంకా మిగిలే ఉంది, అక్కడ మట్టి ఒరుసుకోదు కాబట్టి. డ్రైవరు ఎక్కే మెట్టు మీద రంగు సరిగ్గా పాదం ఆనే మేరకే పోయింది. తలుపు పిడి చుట్టూ అరచెయ్యంత నల్లటి జిడ్డు. చెయ్యి మడిచే చోట పిన్నుల్లోంచి గ్రీజు పైకి తన్నుకొచ్చి, దానికి దుమ్మంటుకుని తారులా తయారైంది. రాత్రి వాన పడితే పైకప్పు మీది దుమ్ము అద్దాల పక్కనుంచి చారలు చారలుగా దిగింది. కారణం లేకుండా ఒక్క మరక కూడా లేదు ఆ బండి మీద.

ఇంటికొచ్చాక నా బల్ల మీద ఉండేది ఇంకో బండి. పొడవు 19 సెంటీమీటర్లు, ఎత్తు 7. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ సైన్యం వాడిన టి-34 ట్యాంకు, 1/35 కొలతలో. దాని పక్కనే ఇంకా రంగు పడని మిగ్-21, 1/72 కొలతలో, దాదాపు 20 సెంటీమీటర్లు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి బొమ్మ నిలబెట్టడం వారం పది రోజుల పని. దానికి రంగు వేసి, ఎండావానా తిన్న రూపు తేవడం నెలల పని. ఈ రెండో దాన్నే మోడలర్లు వెదరింగ్ అంటారు. దీని గురించి నన్ను అడిగేవాళ్ళ ప్రశ్నలు కొన్ని ఎప్పుడూ అవే. ఓపిగ్గా జవాబు చెప్పాల్సిన ప్రశ్నలవి.

కొత్త బొమ్మకి బురద పూయడం ఎందుకు?

మా తమ్ముడి కూతురు అడిగింది ఇలాగే. "పెదనాన్నా, ఇంత బాగా రంగేసి మళ్ళీ ఎందుకు మురికి చేస్తున్నావు?"

శుభ్రంగా, ఒకే రంగులో ఉన్న చిన్న ట్యాంకుని చూస్తే కంటికి అది ప్లాస్టిక్ బొమ్మే. అందులో ఉక్కు ఎక్కడుందో, రబ్బరు ఎక్కడుందో, మనుషులు ఎక్కడ కాలు పెడతారో కంటికి ఏ ఆనవాలూ దొరకదు. నిజమైన బండిని చూసినప్పుడు దాని బరువు, వయసు, పని మనకు తెలిసేది మరకల వల్లే. 26 టన్నులకు పైగా బరువున్న యంత్రాన్ని అరచేతిలో పెట్టుకుని ఆ బరువు కనిపించేలా చేయాలంటే ఆ ఆనవాళ్ళన్నీ మనమే రాయాలి. వెదరింగ్ అంటే మురికి పూయడం కాదు, ఆ బండికి ఏం జరిగిందో చెప్పడం. అందుకే బ్రష్ ముంచేముందు ప్రతిసారీ నన్ను నేను ఒకటే అడుక్కుంటాను: ఈ మరక ఇక్కడికెలా వచ్చింది? జవాబు దొరక్కపోతే ఆ మరక వేయను.

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. ముందు కొలత సంగతి: 1/35 అనేది ఎవరో ఆలోచించి పెట్టింది కాదు. జపాన్ కంపెనీ తమియా 1960ల తొలినాళ్ళలో మోటారుతో నడిచే జర్మన్ ప్యాంథర్ ట్యాంకు బొమ్మ చేసింది. లోపల బ్యాటరీలు పట్టాలి కాబట్టి అంత సైజు పెట్టారు. లెక్క చూస్తే అసలులో 35వ వంతుకు దగ్గరగా వచ్చింది. అదే లోకమంతా స్థిరపడింది. 1970లలో అమెరికన్ మోడలర్ షెపర్డ్ పెయిన్ చేసిన చిన్న చిన్న యుద్ధ దృశ్యాలు, వాటిని ఎలా చేశాడో చెప్పే కరపత్రాలు మోనోగ్రామ్ కంపెనీ కిట్లతో పాటు పెట్టెలో వచ్చేవి. ఆ తర్వాత బెల్జియంకి చెందిన ఫ్రాన్స్వా వెర్లిండెన్ పలుచటి ముదురు రంగుని సందుల్లోకి పారించే వాష్, దాదాపు ఎండిన బ్రష్‌తో అంచుల మీద రాసే డ్రై బ్రష్ పద్ధతులకు ప్రాచుర్యం తెచ్చాడు. 2000ల తర్వాత స్పెయిన్ మోడలర్లు దీన్ని దాదాపు చిత్రకళ స్థాయికి తీసుకెళ్ళారు.

అసలు విమానానికి వేసిన రంగే బొమ్మకీ వేస్తే సరిపోదా?

సరిపోదు. నేను మొదట్లో అదే చేసి, బొమ్మ ఎందుకింత నల్లగా కనిపిస్తోందా అని తల పట్టుకున్నాను.

కారణం వెలుతురు. నిజమైన విమానం నిలబడేది నడి ఎండలో. ఆ వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది. బొమ్మ ఉండేది గదిలో, ట్యూబ్‌లైటు కింద, కొన్ని వందల లక్స్‌లో. పైగా చిన్న మేర మీద ముదురు రంగు ఇంకా ముదురుగా తోస్తుంది. చీర కొనేటప్పుడు చిన్న గుడ్డముక్క చూసి రంగు నిర్ణయించుకుంటే మొత్తం చీర వేరుగా అనిపిస్తుంది కదా, అలాంటిదే. అందుకని అసలు రంగులో కొంచెం తెలుపో, లేత పసుపో, లేత బూడిద రంగో కలిపి పలుచన చేస్తాం. ఎంత కలపాలన్నదానికి కొందరు కొలతకింత శాతం అని పట్టికలు రాశారు. నేను పట్టిక చూడను. రంగు వేసిన ముక్కని గదిలో చేతిదూరంలో పెట్టి, కన్ను సరేనన్నాక ఆగుతాను.

నీడ సంగతీ ఇంతే. అసలు ట్యాంకు మీద ఫిరంగితో పాటు తిరిగే టరెట్ కింద నీడ చిక్కగా పడుతుంది. బొమ్మలో పడే నీడ పల్చన, అంచులు చెదిరిపోయి ఉంటుంది. కాబట్టి నీడని రంగుతోనే వేయాలి. కింది భాగాల్లో ముదురు, పైకి వచ్చేకొద్దీ లేత. వినాయక చవితికి ముందు విగ్రహాలు తయారయ్యే చోటికి వెళ్ళి చూడండి. స్ప్రే గన్‌తో బుగ్గల కింద, మెడ మడతల్లో, బొజ్జ అంచున ముదురు ఛాయ తోలుతుంటారు. వాళ్ళు పది అడుగుల మీద చేసే పనిని మేం ఇరవై సెంటీమీటర్ల మీద చేస్తాం. పరికరం కూడా అదే జాతిది, కాకపోతే మా ఎయిర్‌బ్రష్ రంధ్రం 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల లోపు.

ఇక కొలత. 1/72 బొమ్మని 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తున్నామంటే అసలు విమానాన్ని 21.6 మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టు. అంత దూరంలో మీకు ఏం కనిపించదో అది బొమ్మ మీదా కనిపించకూడదు. 1/72లో ఒక మిల్లీమీటరు గీత అంటే అసలు మీద 7 సెంటీమీటర్లు. రంగు పెచ్చు ఊడినట్టు చూపిద్దామని బ్రష్‌తో ఒక చుక్క పెడతాం. ఆ చుక్క అసలు మీద అరచెయ్యంత గాయం అవుతుంది. ఒక సెంటీమీటరు పెచ్చుని 1/35లో చూపించాలంటే 0.3 మిల్లీమీటర్లు, 1/72లో 0.14. బ్రష్‌తో అంత సన్నగా గీయడం చాలా కష్టం. అందుకే చిరిగిన స్పాంజ్ ముక్కని రంగులో ముంచి, కాగితం మీద దాదాపు అంతా తుడిచేసి, మిగిలిన రవంతతో అంచుల మీద అద్దుతాం.

ఏది ముందు, ఏది తర్వాత?

ఈ మొత్తం విద్యలో నాకు తెలిసిన అసలు సూత్రం ఇక్కడే ఉంది: ఆ బండికి ఏది ఏ వరుసలో జరిగిందో, బొమ్మకీ అదే వరుసలో చెయ్యాలి. ముందు లోహం. దాని మీద ప్రైమర్. దాని మీద ఫ్యాక్టరీ రంగు. తర్వాత యూనిట్‌లో పూసిన రంగు. ఆ పైన మనుషుల కాళ్ళూ చేతులూ. ఆ పైన ఎండా వానా. ఆ పైన నూనె, మసి. అన్నిటికంటే చివర దుమ్ము. దుమ్ము వేసేశాక పెచ్చులు ఊడదీస్తే కంటికి ఎక్కడో తేడా కొడుతుంది. చూసేవాళ్ళు అదేమిటో చెప్పలేరు గానీ నమ్మరు.

మిగ్-21నే తీసుకోండి. 1963లో మన వైమానిక దళంలో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్న విమానం. 1971 యుద్ధం నాటి మిగ్-21ఎఫ్ఎల్ రకం విమానాలు వచ్చినప్పుడు వెండి ఒంటితోనే ఉండేవి. యుద్ధం దగ్గర పడ్డాక, నేల మీద పైనుంచి చూస్తే మెరవకుండా, వాటిలో కొన్నిటికి ముదురాకుపచ్చ రంగు హడావిడిగా పూశారు. ఒక్కో విమానం మీద ఒక్కో తీరు పూత. ఆ డిసెంబరు 14న ఢాకా గవర్నర్ భవనం మీద రాకెట్లు కొట్టిన విమానాల్లో మిగ్-21లు ఉన్నాయి.

ఇప్పుడు ఆలోచించండి. అల్యూమినియం మీద గాలి తగలగానే కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. నున్నటి ఆ పొర మీద ప్రైమర్ లేకుండా రంగు పూస్తే పట్టు తక్కువ. గాలి రాపిడి తగిలే రెక్క ముందంచులు, మెకానిక్కులు మోకాళ్ళు ఆనించే చోట్లు, స్క్రూడ్రైవరు పెట్టి తెరిచే పలకల అంచులు. అక్కడ ఆకుపచ్చ పోయి వెండి బయటపడుతుంది. దీన్ని బొమ్మ మీద ఎలా తేవాలి? పైన వెండి చుక్కలు పెట్టొచ్చు. కానీ పైన పెట్టిన చుక్క పైన పెట్టినట్టే ఉంటుంది. అందుకని నిజంగా జరిగినట్టే చేస్తాం.

ముందు బొమ్మ మొత్తానికి నిగనిగలాడే నల్ల రంగు వేస్తాను, అద్దంలా. వెండి రంగు కింద నలుపేమిటని అనుమానం వస్తుంది. ఆ వెండి రంగు, అంటే మెటల్ లాకర్‌లో ఉండేది సన్నటి అల్యూమినియం రేణువులు. కింద ఉపరితలం అద్దంలా నున్నగా ఉంటేనే ఆ రేణువులు పడుకుని వెలుగుని ఒకే వైపు తిప్పికొడతాయి. గరుకుగా ఉంటే అడ్డదిడ్డంగా నిలబడి బూడిద రంగులో కనిపిస్తాయి. నలుపు మీద 15 పీఎస్ఐ లోపు ఒత్తిడితో, పొగలాంటి పొరలు మూడు నాలుగు తోలితే లోహం పుడుతుంది. ఆ క్షణం నాకు ఎన్నిసార్లు చూసినా కొత్తే.

ఒక రోజంతా ఆరనిచ్చి, దాని మీద మామూలు హెయిర్‌స్ప్రే రెండు పల్చటి పొరలు. అది ఆరాక ఆకుపచ్చ యాక్రిలిక్, పల్చగా. గంటలోపు గోరువెచ్చటి నీళ్ళతో ఒకచోట తడిపి, నిమిషం ఆగి, పొట్టిగా కత్తిరించిన గరుకు బ్రష్‌తో మెల్లగా రుద్దితే పచ్చ పొర పెచ్చులుగా లేచి కింద వెండి బయటపడుతుంది. హెయిర్‌స్ప్రే నీళ్ళలో కరిగే జిగురు. పల్చటి యాక్రిలిక్ పొరలోంచి నీళ్ళు లోపలికి ఇంకి ఆ జిగురుని ఉబ్బిస్తాయి. పై రంగుకి కాళ్ళ కింద నేల జారిపోతుంది. రంగు మందంగా వేశారా, నీళ్ళు లోపలికి పోవు, ఎంత రుద్దినా ఊడదు. ఘాటైన థిన్నర్ కలిపి వేశారా, రంగు హెయిర్‌స్ప్రేని కొరికి లోహాన్ని పట్టుకుంటుంది, అప్పుడూ ఊడదు. ఈ రెండు తప్పులూ చేసి నేర్చుకున్నాను.

పెచ్చు ఎక్కడ ఊడాలో మీరు పూర్తిగా శాసించలేరు. అదే దీని గుణం. చేత్తో పెట్టిన చుక్కల్లో చేతి అలవాటు కనిపిస్తుంది, వరుసలు తేలతాయి. ఇలా ఊడిన పెచ్చులో ఆ అలవాటు ఉండదు.

బాగా మాపిన బొమ్మకి మధ్యలో మెరుపు వార్నిష్ ఎందుకు?

నున్నటి గచ్చు మీద చెంబెడు నీళ్ళు పోస్తే అతుకుల వెంట పరుగెడతాయి. గరుకు సిమెంటు మీద పోస్తే పోసినచోటే ఇంకి మరకవుతాయి. వాష్ అంటే బాగా పలుచన చేసిన ముదురు రంగు. అది రేకుల అతుకుల్లోకి, రివెట్ల చుట్టూ పారాలి, మిగతాచోట నిలవకూడదు. మ్యాట్ రంగు కంటికి కనపడని గరుకు కాబట్టి వాష్‌ని ఎక్కడికక్కడ పీల్చేస్తుంది. మెరుపు వార్నిష్ వేస్తే గచ్చు అవుతుంది. గుర్తులు, అంకెలు ఉండే డెకాల్స్ కూడా ఈ దశలోనే అతికించాలి. గరుకు మీద అతికిస్తే కింద గాలి చిక్కుకుని, పారదర్శకంగా ఉండాల్సిన పొర తెల్లగా మెరుస్తుంది. అన్నీ అయ్యాక మళ్ళీ మ్యాట్ వార్నిష్ వేసి మెరుపు చంపుతాం.

వాష్‌కి నేను వాడేది చిత్రకారుల ఆయిల్ కలర్. స్టేషనరీ షాపులో దొరికే ట్యూబే. అట్టముక్క మీద కొంచెం పిండి అరగంట వదిలేస్తే అందులోని అవిసె నూనె అట్టకి ఇంకుతుంది. తర్వాత అది జిడ్డు మెరుపు లేకుండా ఆరుతుంది. వైట్ స్పిరిట్‌లో పలుచన చేసి సన్న బ్రష్ కొసతో అతుకు మొదట్లో తాకిస్తే చాలు, అదే పాకుతూ పోతుంది. ఇరవై ముప్పై నిమిషాలాగి, మిగులుని తడి బ్రష్‌తో తుడవాలి. ఎటు తుడవాలన్నదే కీలకం. ట్యాంకు పక్క గోడల మీద పైనుంచి కిందికి, వాన జారినట్టు. విమానం రెక్క మీద ముందునుంచి వెనక్కి, గాలి వీచినట్టు. విమానం ఒంటి పక్కల మీద మాత్రం కొన్ని చారలు కిందికి కూడా ఉండాలి. విమానం జీవితంలో ఎక్కువ భాగం ఎగరదు, నేల మీద నిలబడి ఉంటుంది. వాన పడితే అక్కడా కిందికే జారుతుంది.

పూతల మధ్య గుర్తుంచుకోవాల్సింది ఒక్కటి. పై పూతలోని ద్రావకం కింది పూతను కరిగించకూడదు. లాకర్ అడుగున, యాక్రిలిక్ మధ్యలో, ఎనామెల్, ఆయిల్ పైన. పెయింట్ షాపుల్లో అమ్మే టర్పెంటైన్ కొన్నిసార్లు మరీ ఘాటుగా ఉంటుంది. ముక్కలు కత్తిరించగా మిగిలిన స్ప్రూ మీద ముందు పరీక్షించుకోండి.

తుప్పు ఎక్కడ రావాలి?

కొత్తవాళ్ళ ట్యాంకులన్నిటిలో ఒకే తప్పు చూస్తుంటాను. ఒళ్ళంతా నారింజ రంగు తుప్పు. విమానం మీద కూడా పెట్టేవాళ్ళున్నారు.

వంటింట్లోకి వెళ్ళి చూడండి. సత్తు గిన్నె ఎన్నేళ్ళు వాడినా ఎర్రబడదు, మెరుపు తగ్గి తెల్లటి బూడిద రంగుకి తిరుగుతుంది. ఇనప మూకుడు రెండు రోజులు తడిగా వదిలేస్తే ఎర్రబడుతుంది. రాగి చెంబుకి పట్టేది చిలుము, దానిది పచ్చ రంగు. విమానం దాదాపు అంతా సత్తు గిన్నె జాతి. దాని మీద ఎర్ర తుప్పు ఉండదు. రంగు పోయినచోట కనపడేది వెండి, లేదా పచ్చపసుపు ప్రైమర్. ఆ పసుపు జింక్ క్రోమేట్‌ది, అల్యూమినియానికి రంగు పట్టడానికీ, లోహం తినేయకుండా ఉండటానికీ వేసేవాళ్ళు. ఇక మిగ్-21 తోక దగ్గర, ఇంజను మంట వెళ్ళే చోట లోహం వేరే కథ చెబుతుంది. బుల్లెట్ బండి సైలెన్సర్ ఇంజను దగ్గర వంపు తిరిగే చోట గోధుమ, బంగారు, నీలి ఛాయలు వస్తాయి చూశారా, అలాంటివే. పారదర్శకమైన నీలం, గోధుమ రంగుల్ని పల్చగా, పొగలా తోలితే ఆ ఛాయ వస్తుంది.

ట్యాంకు ఉక్కు కాబట్టి తుప్పు వస్తుంది, కానీ ఎంత? యుద్ధంలో టి-34లు యాభై వేలకు పైగా తయారయ్యాయి. ఎందుకన్ని కావాల్సి వచ్చాయంటే, ముందుకెళ్ళినవి ఎక్కువ కాలం బతకలేదు కాబట్టి. చాలా బళ్ళకు ఒళ్ళంతా తుప్పు పట్టేంత ఆయుష్షే లేదు. కాబట్టి రంగు పోయిన అంచుల్లో ముదురు గోధుమ, నలుపు దగ్గరి రంగు చాలు. వేడికి రంగు నిలవని పొగగొట్టాలు, రంగే వేయని ట్రాకులు, అక్కడ మాత్రం తుప్పు ఉంటుంది. ట్రాకులో నేలకి తగిలే ముఖం మాత్రం మెరుస్తుంది, మా వీధి ప్రొక్లెయిన్‌లాగే. పాత తుప్పు ముదురు గోధుమ, నిన్నటి తుప్పు నారింజ. రెండూ ఒకేచోట ఉంటే ముదురు అడుగున, నారింజ పైన, అదీ రవంత.

ఇలాంటివి చూసి నేర్చుకోవడానికి మ్యూజియాలకి వెళ్తే జాగ్రత్త. విశాఖ బీచ్ రోడ్డులో 2017 డిసెంబరు నుంచి టీయూ-142 విమానం ఉంది. దాని ఆకారం, తలుపులు, రివెట్ల తీరు గమనించడానికి అంతకంటే మంచి చోటు లేదు. నేను పొట్ట కిందినుంచే గంటసేపు చూశాను. కానీ మ్యూజియంలో పెట్టే యంత్రాలకి సముద్రపు గాలికి తట్టుకునేలా మళ్ళీ మళ్ళీ రంగు వేయాల్సి వస్తుంది. ఆ రంగు, ఆ మెరుపు సర్వీసులో ఉన్ననాటివి అనుకోకూడదు.

మన వాతావరణంలో రంగు ఎందుకు ఏడిపిస్తుంది?

జులై నెలలో ఒక సాయంత్రం, వాన వెలిసిన గంటకి, ఒక విమానానికి లాకర్ వార్నిష్ వేశాను. నా కళ్ళ ముందే రెక్కలు పాలపొంగులా తెల్లబడ్డాయి. రెండు నెలల పని. లాకర్‌లోని ద్రావకం వేగంగా ఆవిరైపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. చల్లటి గ్లాసు చుట్టూ చెమట పట్టినట్టు, గాలిలోని తేమ ఆ పూత మీద చేరి లోపల చిక్కుకుంటుంది. కోస్తాలో వానాకాలమంతా ఈ గండం ఉంది. తేమ తక్కువున్న రోజు మళ్ళీ కాస్త థిన్నర్ని పల్చగా తోలితే పొర కరిగి, తేమ బయటికి పోయి, చాలావరకు సర్దుకుంటుంది. నాకు ఆరోజు ఆ సంగతి తెలియక గరుకు కాగితంతో రుద్దాను, విమానం పాడైంది. ఇప్పుడు కంప్రెసర్‌కి నీళ్ళు పట్టే గిన్నె తగిలించాను. వాన రోజుల్లో లాకర్ ముట్టుకోను.

మే నెలలో హైదరాబాద్‌లోనో, కర్నూల్లోనో ఉంటే దీనికి సరిగ్గా ఎదురు. యాక్రిలిక్ సూది కొసనే ఎండిపోతుంది. లేదా గాల్లోనే ఎండి, బొమ్మ మీద ఇసుక చల్లినట్టు పడుతుంది. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ రెండు చుక్కలు కలిపి, దగ్గరనుంచి తోలాలి, పొద్దున్నే పని చేసుకోవాలి. పలుచనకి నా గుర్తు నీళ్ళ పాలు. కప్పు గోడ మీంచి జారి పల్చటి పొర వదలాలి.

కిటికీ తెరిచి, ద్రావకాల ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకుని మాత్రమే లాకర్ తోలండి. గుడ్డ మాస్కు దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని ఆపదు.

ఇక బురద

నా టి-34 1943 మార్చి నాటిది, ఖార్కోవ్ చుట్టుపక్కల. శీతాకాలమంతా మంచులో కనపడకుండా ఆకుపచ్చ మీద తెల్లపూత పూశారు. మంచు కరుగుతోంది, రోడ్లు బురద. ఒకే బండి మీద రెండు రుతువులు.

ఆ తెల్లపూత మన గోడ సున్నం లాంటిది. సుద్దో, సున్నమో నీళ్ళలో కలిపి చీపుళ్ళతో, బ్రష్‌లతో పూసేవాళ్ళు. సున్నం గోడకి ఆనుకుంటే భుజానికి అంటుకుంటుంది కదా, ట్యాంకు మీదా అంతే. మనుషులు తాకిన చోటల్లా పోతుంది. అందుకే ఇక్కడా మిగ్ సూత్రమే: ఆకుపచ్చ, పైన హెయిర్‌స్ప్రే, పైన బ్రష్ గీతలు కనపడేలా పల్చటి తెలుపు. తర్వాత తడిపి రుద్దడం. టరెట్ మూత అంచు, డ్రైవరు దిగే చోటు, ఇంజను కప్పు మీద ఎక్కువ. టరెట్ వెనక, చేతులు చేరని సందుల్లో తెలుపు అలాగే.

బురదకి రంగు పొడులు, కొంచెం ప్లాస్టర్, సన్నగా తరిగిన పీచు. ఆ ప్రాంతపు చెర్నోజెమ్ నేల నల్లది. తడిగా ఉన్నప్పుడు నలుపు, ఎండితే బూడిద. నల్లరేగడిలో దమ్ము చేసొచ్చిన ట్రాక్టర్‌ని చూసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. మడ్‌గార్డు లోపల నిన్నటి బురద తెల్లబారి, పగుళ్ళిచ్చి ఉంటుంది. దాని మీద ఇవాళ్టిది నల్లగా, తడిగా. బొమ్మ మీదా ఆ వరుసే: ముందు లేతరంగు, ఎండిన గరుకు బురద కింది భాగమంతా. ఆరాక ముదురు రంగు, చక్రాల చుట్టూ మాత్రమే. చివర అక్కడక్కడ తడి మెరుపు వార్నిష్. చిమ్మిన బురద చుక్కలకి, రంగు ముంచిన గట్టి బ్రష్‌ని ఎయిర్‌బ్రష్ గాలికి అడ్డంపెట్టి వదలాలి. కిందినుంచి పైకి, ట్రాకు విసిరే దిక్కులో. బొమ్మ మీద మిగతా భాగాల్ని కాగితంతో కప్పండి. ట్రాకు మామూలుగా టరెట్ పైకప్పు మీదికి బురద విసరదు.

ఎంతకి ఆపాలి?

విమానాల మీద రేకుల అతుకులన్నిటినీ నల్లగా గీసే పద్ధతి ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. ఫోటోలో బాగుంటుంది. కానీ స్పిట్‌ఫైర్ లాంటి విమానం రెక్క ముందు భాగంలో రివెట్లూ అతుకులూ పుట్టీ పెట్టి నున్నగా సాపు చేసేవాళ్ళు, గాలి అడ్డు తగ్గాలని. ఉన్నదాన్ని లేకుండా చేయడానికి అంత కష్టపడితే మనం దాన్ని నల్ల గీతతో చూపించడం న్యాయం కాదనిపిస్తుంది నాకు. తెరుచుకునే తలుపులు, కదిలే భాగాల చుట్టూ ముదురుగా, మిగతా అతుకులకి రంగు కంటే ఒక్క ఛాయ ముదురుగా, అంతవరకే చేస్తాను. అమెరికా నేవీ విమానవాహక నౌకల మీది బూడిద రంగు విమానాల సంగతి వేరు. ఉప్పుగాలికి లోహం తినేసిన చోటల్లా గీకి, చేతికందిన బూడిద రంగు పూస్తారు. ఒంటినిండా అతుకుల చొక్కాలా మచ్చలు. వాటి మీద ఎంత చేసినా ఎక్కువ కాదు.

టి-34 మీద నేను చివరికి మిగుల్చుకునే పని ఒకటుంది. దాని టరెట్ పక్కల, ఒంటి పక్కల చేతికమ్మీలు వెల్డింగ్ చేసి ఉంటాయి. పదాతి సైనికులు ట్యాంకెక్కి, ఆ కమ్మీలు పట్టుకుని యుద్ధంలోకి వెళ్ళేవాళ్ళు. లోపలి నలుగురికైనా చుట్టూ ఉక్కుంది, వీళ్ళకి చుట్టూ గాలే. ఆ కమ్మీల మీద సున్నం ఉండదు, ఆకుపచ్చ కూడా మధ్యలో పోయి ఉంటుంది, అంచుల దగ్గర మిగిలి ఉంటుంది. వాళ్ళు కూర్చున్న ఇంజను కప్పు మీద తెలుపు అరిగి, బూట్లకంటిన బురద అడ్డంగా గీసుకుని ఉంటుంది. బురదా దుమ్మూ అన్నీ అయిపోయి, మ్యాట్ వార్నిష్ ఆరాక, 6బి పెన్సిల్ ములుకుని కాగితం మీద గీకి, ఆ పొడిని వేలికొసన తీసుకుంటాను. ప్రతి కమ్మీ మధ్యలో, చెయ్యి పట్టేంత మేర, మెల్లగా రుద్దుతాను. గ్రాఫైట్ కదా, ఉక్కులా మెరుస్తుంది. 1/35లో ఒక చెయ్యి వెడల్పు మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఒక కమ్మీకి రెండు చేతులు, రెండిటి మధ్య కొంచెం ఎడం.